మెత్తగా ఉంటే సరిపోతుందా?

సోఫా కొనడానికి వెళ్ళినవాళ్ళని ఎప్పుడైనా గమనించారా? ముందు అరచేత్తో సీటుని ఒక నొక్కు నొక్కుతారు. తర్వాత కూర్చుంటారు. కూర్చుని రెండుసార్లు పైకీ కిందికీ ఊగుతారు. 'అబ్బ, ఎంత మెత్తగా ఉందో!' అంటారు. ఇక అక్కణ్ణుంచి మాటలన్నీ రంగు గురించీ, రేటు గురించీ. టేకా, ప్లైవుడ్డా అని కూడా అడుగుతారు. సీట్ల లోపల ఏం పెట్టి కుట్టారని మాత్రం అడగరు. చీర కొంటే అంచు తిరగేసి చూస్తాం. వంకాయ కొంటే పుచ్చుందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. వేలకి వేలు పోసి కొనే సోఫాకి మాత్రం పైన గుడ్డ చూసి సరిపెట్టుకుంటాం.

ఇంకొకళ్ళని అనడమెందుకు, నేను చేసిందీ అదే.

విజయవాడలో ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఒక పెద్ద షోరూములో సోఫా కొన్నాం. మూడు సీట్లది ఒకటి, విడి సీట్లు రెండు. కూర్చుంటే సగం మనిషి లోపలికి దిగిపోయేవాడు. మావారు 'మబ్బు మీద కూర్చున్నట్టుంది' అన్నారు. సేల్స్ కుర్రాడు 'హై డెన్సిటీ మేడమ్' అన్నాడు. హై అంటే ఎంత అని నేను అడగలేదు, అతను చెప్పలేదు. పిల్లలు అప్పటికే చివరి సీటు ఎవరిదని కొట్టుకుంటున్నారు. డబ్బు కట్టేసి వచ్చాం.

రెండేళ్ళకి మధ్య సీటు పళ్ళెంలా గుంట పడింది. అయినా మాకు పెద్ద ఇబ్బంది అనిపించలేదు, అలవాటైపోయింది. అంతలో మామయ్యగారు పోయారు. అత్తయ్య కోనసీమ నుంచి మా దగ్గరికి వచ్చేశారు. డెబ్భై నాలుగేళ్ళు. మోకాళ్ళ నెప్పులు తప్ప ఇంకో జబ్బు లేదు. వచ్చిన కొత్తలో హాల్లో మాతోనే కూర్చునేవారు. తర్వాత ఎందుకో డైనింగ్ టేబుల్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసుకుని అక్కడే కూర్చోవడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి టీవీ సగమే కనిపిస్తుంది. 'ఇక్కడికి రండి అత్తయ్యా' అంటే, 'ఇక్కడ బాగానే ఉందమ్మాయ్, గాలి వస్తోంది' అనేవారు. చుట్టాలొచ్చినా అంతే. నిలబడి పలకరించి, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చునేవారు.

నాకు లోపల్లోపల ఒకటే అనుమానం. నా మాట ఏదైనా తగిలిందా? పిల్లల అల్లరికి విసుక్కుంటున్నారా? మావారిని అడిగితే 'అమ్మకి మొదట్నుంచీ కుర్చీయే అలవాటు' అని తేల్చేశారు. మగవాళ్ళకి ఇలాంటివన్నీ ఎంత తేలిగ్గా తేలిపోతాయో!

అసలు సంగతి మా చిన్నది బయటపెట్టింది. 'నానమ్మ సోఫాలోంచి లేవలేదమ్మా. అందుకే కూర్చోదు. నీకు చెప్పొద్దంది' అంది. ఆ మధ్య ఎవరో శుభలేఖ ఇవ్వడానికి వచ్చారు. వాళ్ళు వెళ్తామని లేస్తే, మర్యాదకి ఈవిడా లేవబోయారట. లేవలేకపోయారు. రెండోసారి ప్రయత్నిస్తే పక్కకి ఒరిగిపోయారు. వచ్చినాయన చెయ్యి పట్టుకుని లేపాడు. నేనప్పుడు వంటింట్లో కాఫీ గ్లాసులు కడుగుతున్నాను. పరాయి మగాడు చెయ్యందిస్తేగానీ లేవలేని స్థితి వచ్చిందని ఆవిడ ఎంత బాధపడ్డారో ఏమో, ఆ రోజు నుంచి మళ్ళీ సోఫా జోలికి వెళ్ళలేదు.

నెలల తరబడి ఆవిడ మా మధ్యలోంచి జరిగి దూరంగా కూర్చుంటే, నేను కారణం మనుషుల్లో వెతికాను. కారణమేమో సోఫా లోపలుంది.

మా వీధి చివర సోఫాలు బాగుచేసే ఆయన ఒకరున్నారు. అందరూ భాయ్ అంటారు. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి దూది ఏకేవాడట. భుజాన ఆ పెద్ద విల్లు, దాని తంతి 'టంయ్ టంయ్' మని మోగుతుంటే గట్టిపడిన పరుపు దూది పొగమంచులా లేవడం... నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కొడుకు కాలానికి విల్లు పోయి ఫోమ్ కోసే కత్తి వచ్చింది. ఆయన్ని పిలిపించాను. కుషన్ మార్చాలి, ఇంకా మెత్తటిది వేద్దామా అని అడిగాను. పెద్దావిడ కదా, మెత్తగా ఉండాలని నా ఉద్దేశం.

భాయ్ కుషన్ని ముట్టుకోను కూడా లేదు. 'పెద్దమ్మగారిని ఒకసారి కూర్చోమనండి' అన్నారు. అత్తయ్య మొహమాటపడుతూనే వచ్చి కూర్చున్నారు. ఆయన జేబులోంచి టేపు తీశారు. ఖాళీగా ఉన్నప్పుడు నేల నుంచి సీటు ఎత్తు పదిహేడు అంగుళాలు. ఆవిడ కూర్చున్నాక పన్నెండున్నర. ఆవిడ పాదం నుంచి మోకాలి మడత దాకా పదహారు. టేపు చుట్టేసి, 'చూశారా అమ్మా, మోకాళ్ళు పైన, నడుము కింద. గుంటలోంచి లేవడమే ఇది. మీకు వయసుంది గనక చేతులతో తోసుకుని లేచేస్తున్నారు' అన్నారు.

విన్నాక ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదా అనిపించింది. లేచేటప్పుడు ఒంటి బరువంతా మోకాళ్ళ మీద, తొడల మీద పడుతుంది. తుంటి ఎంత కిందికి దిగితే అంత బరువు ఎక్కువ ఎత్తాలి. తుంటి మార్పిడి, మోకాలి మార్పిడి ఆపరేషన్లు చేసిన డాక్టర్లు రోగికి చెప్పే జాగ్రత్తల్లో ఇదీ ఒకటి: లోతుగా దిగిపోయే మెత్తటి సోఫాల్లో కూర్చోవద్దు, చేతులున్న గట్టి కుర్చీ వాడండి అని. ఆపరేషను దాకా రాకముందే ఆ మాట మనకెందుకు గుర్తుండకూడదు? అత్తయ్య ఎంచుకున్న ప్లాస్టిక్ కుర్చీ సరిగ్గా అలాంటిదే. ఎత్తుంది, గట్టిగా ఉంది, ఆనుకుని లేవడానికి చేతులున్నాయి. ఏ డాక్టరూ చెప్పకుండానే ఆవిడ సరైనదే ఎంచుకున్నారు.

ఇక లోపల ఏముందో చూద్దామన్నారు భాయ్. మా కుషన్లకి జిప్పు లేదు, చుట్టూ కుట్టేశారు. (జిప్పు లేని కుషన్ కొనకండి. ఉతుక్కోవడానికి మాత్రమే కాదు, కొనేముందే షోరూములో జిప్పు తీసి లోపల చూడ్డానికి. చూడనివ్వం అంటే ఇంకో షోరూము చూసుకోండి.) కుట్టు విప్పితే ఆరంగుళాల ఫోమ్ ముక్క బయటపడింది. అరటాకులా తేలిగ్గా ఉంది. మధ్యలో పసుపు తిరిగి, గోటితో గీకితే పొడి రాలింది.

అప్పుడు చేశారాయన ఒక పని. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. వీధిలో తోపుడు బండి మీద కూరగాయలమ్మే అబ్బాయిని ఆపి, ఆ ఫోమ్‌ని కాటా మీద పెట్టించారు. 860 గ్రాములు తూగింది. 'పద్దెనిమిది డెన్సిటీ అమ్మా. ఇది వీపు వెనక పెట్టాల్సింది, కింద పెట్టారు' అన్నారు.

డెన్సిటీ డెన్సిటీ అని అందరూ అంటారు గానీ అందులో పెద్ద రహస్యం లేదు. ఒక మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న ఫోమ్ దిమ్మ ఎన్ని కిలోలు తూగుతుందో అదే దాని డెన్సిటీ. 32 కిలోలైతే 32 డెన్సిటీ, 40 కిలోలైతే 40. మన కుషన్ పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి మూడింటినీ హెచ్చవేయండి. దాన్ని డెన్సిటీతో హెచ్చవేసి 61 వేలతో భాగిస్తే ఎన్ని కిలోలుండాలో వస్తుంది. మా కుషన్ 22 అంగుళాల చదరం, 6 అంగుళాల మందం. అది 32 డెన్సిటీ అయితే కిలోన్నర తూగాలి. 40 అయితే కిలో తొమ్మిది వందల గ్రాములు. మాకిచ్చింది కిలో కూడా లేదు. బంగారం తూకం వేయించుకుంటాం, బియ్యం తూకం వేయించుకుంటాం, ఫోమ్‌కి సిగ్గెందుకు?

నిజానికి ఎంత మంచి ఫోమ్‌లోనైనా ఎక్కువ భాగం గాలే. 32 డెన్సిటీ దాంట్లో నూటికి తొంభై ఏడు పాళ్ళు గాలి, మిగతాదే పదార్థం. పాలియురేథేన్ని జర్మనీలో 1937లో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. సోఫాల్లో వాడే మెత్తటి ఫోమ్‌గా అది తయారవడం 1950ల నుంచీ. రెండు ద్రవాలు కలిపి, కొంచెం నీళ్ళు చేరిస్తే లోపల కార్బన్ డయాక్సైడ్ పుట్టి ఇడ్లీ పిండిలా పొంగుతుంది. పొంగినది పొంగినట్టే గట్టిపడిపోతుంది. ఎక్కువ పొంగనిస్తే తక్కువ సరుకుతో ఎక్కువ ఫోమ్ వస్తుంది, అంటే తక్కువ డెన్సిటీ. ఆ సన్నటి గోడలు రోజూ మన బరువుకి నలిగి నలిగి ఒక నాటికి పైకి లేవడం మానేస్తాయి. పళ్ళెంలా గుంట పడడమంటే అదే.

అయితే తూకమే అంతా అనుకోకండి. బరువు కోసం సుద్దపొడి లాంటివి కలిపిన ఫోమ్ కూడా ఉంటుంది. అది తూకానికి బాగానే ఉంటుంది గానీ త్వరగా పొడైపోతుంది. పిడికిట్లో గట్టిగా నలిపి వదిలితే వెంటనే పూర్వం లాగా విచ్చుకోవాలి, వేళ్ళకి పొడి అంటకూడదు. ఫోమ్ తుక్కుని జిగురుతో కలిపి అచ్చు వేసిన రంగురంగుల ఫోమ్ ఒకటుంటుంది. రీబాండెడ్ అంటారు. అది ఇంకా చాలా బరువు. పీటలా గట్టిగా ఉంటుంది. అడుగున పలుచటి పొరగా వేస్తే మంచిదే, మొత్తం అదే పెట్టి హై డెన్సిటీ అంటేనే మోసం.

ఇంకో పొరపాటు నాకే ఉండేది. డెన్సిటీ ఎక్కువంటే గట్టిగా ఉంటుందనుకునేదాన్ని. కాదట. 40లో మెత్తటిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. డెన్సిటీ ఎన్నాళ్ళు మన్నుతుందో చెబుతుంది. ఎంత దిగుతుందనేది వేరే లెక్క, దాన్ని విడిగా అడగాలి. రోజూ కూర్చునే సీటుకి 32కి తగ్గొద్దు, 40 అయితే నిశ్చింత అన్నారు భాయ్. అందులో గట్టిదా, ఓ మోస్తరుదా అన్నది కూర్చునేవాళ్ళని బట్టి. హెచ్.ఆర్. ఫోమ్ అని ఒక రకం ఉంది. దిగిన వెంటనే తిరిగి పైకి తంతుంది. దాని మీద ఇనప గుండు జారవిడిచి ఎంత ఎత్తు ఎగిరిందో చూడడం కూడా ఒక పరీక్షే. మంచి హెచ్.ఆర్. మీద సగం ఎత్తుకి పైగా ఎగురుతుంది. ఇంట్లో అయితే పిల్లల గోళీ చాలు, రెండు రకాలూ పక్కపక్కన పెట్టి వేస్తే తేడా కంటికే తెలుస్తుంది. లేచేటప్పుడు మనకి కింద నుంచి చిన్న ఊతం దొరికేది ఈ గుణం వల్లే. మెమరీ ఫోమ్ దీనికి సరిగ్గా ఎదురు. 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పనుల కోసం పుట్టింది. ఒంటి వేడికి మెత్తబడి, ఒంటి ఆకారానికి ఒదిగి, నెమ్మదిగా లేస్తుంది. మంచం మీద ఎలా ఉంటుందో గానీ, బెజవాడ మే నెలలో సోఫా సీటుకి నేనైతే వద్దంటాను.

షోరూముల వాళ్ళు లెక్కలోకి తీసుకోని సంగతి ఇంకోటుంది. మనం సోఫాలో సోఫాలాగా కూర్చోం. కాళ్ళు పైకి పెట్టుకుని మఠం వేసుకుంటాం. ఒక కాలు మడిచి ఒక కాలు కిందికి వేలాడేస్తాం. చేతుల మీద కూర్చుంటాం. మధ్యాహ్నం అదే సోఫాలో కునుకు తీస్తాం. రాత్రి చుట్టాలొస్తే అదే పడక. పిల్లలకి అది ట్రాంపోలిన్. మఠం వేసినప్పుడు మడమ, మోకాలు దిగబడి బరువంతా కొంచెం చోటే పడుతుంది. కాళ్ళు కింద పెట్టి పొందికగా కూర్చునే దేశాల కొలతలు మనకి సరిపోవు. మనకి ఒక మెట్టు ఎక్కువే ఉండాలి.

భాయ్ ఇంకా చెప్పేవారే గానీ అత్తయ్య మధ్యలో అందుకున్నారు. 'ఇవన్నీ ఎందుకు నాయనా, బూరుగు దూది పెట్టెయ్యకూడదూ? మా ఇంట్లో మంచాలకీ, దిండ్లకీ అదే' అన్నారు. నేను నవ్వబోయాను. భాయ్ నవ్వలేదు.

బూరుగు దూదిని తక్కువ చెయ్యడానికి లేదు. దాని పోగు లోపల బోలుగా ఉండి గాలి నిండి ఉంటుంది. పైన మైనం లాంటి పూత. అందుకే తడి పట్టదు, నీళ్ళలో తేలుతుంది. ఒకప్పుడు ఓడల్లో వాడే ప్రాణరక్షణ కోట్లలో నింపింది ఈ జాతి దూదినే. చల్లగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది. ఉన్న లోపమల్లా, పోగు పెళుసు. మనిషి బరువు రోజూ పడితే నలిగి ముద్దవుతుంది, చివరికి పొడవుతుంది. దిండుకి తల బరువే కదా, మన్నుతుంది. సోఫా సీటుకి మనిషి బరువు. 'కింద వద్దు పెద్దమ్మగారూ, వీపు వెనక పెడదాం. అక్కడ దాన్ని మించింది లేదు' అన్నారు భాయ్. పత్తి దూది అయితే సీటుకి కొంత ఓర్చుకుంటుంది గానీ బరువెక్కువ. ఏడాదికోసారి విప్పి ఏకాలి. ఆ ఏకేవాళ్ళేరీ ఇప్పుడు?

కొబ్బరి పీచు సంగతీ వచ్చింది, కోనసీమ మనిషి ముందు రాకుండా ఉంటుందా! పీచు మీద రబ్బరు పాలు చల్లి అట్టలా నొక్కి తయారుచేస్తారు. గట్టిగా ఉంటుంది, గాలి బాగా ఆడుతుంది, ఉక్కపోత ఊళ్ళకి అనువైనది. దాని మీద రెండంగుళాలైనా ఫోమ్ లేకపోతే ఒంటికి గుచ్చినట్టుంటుంది. ఇక మనం ఏ ఫోమ్‌నైనా 'డన్‌లప్' అనేస్తాం గానీ అసలు డన్‌లప్ అంటే రబ్బరు పాలని నురగలా గిలక్కొట్టి ఉడికించింది. ఇంగ్లండులో 1929లో మొదలైంది. అసలైన రబ్బరు ఫోమ్ ఇప్పటికీ దొరుకుతుంది. చాలా బాగుంటుంది, చాలా ఖరీదు. రిక్రాన్ దిండ్లలో ఉండే పాలిస్టర్ పీచు వీపు కుషన్లకి పనికొస్తుంది, కానీ అప్పుడప్పుడు తట్టి గుల్ల చెయ్యాలి. పక్షి ఈకలు నింపినవి చలిదేశాల వాళ్ళకి వదిలేద్దాం.

దూది మాట వచ్చింది కాబట్టి నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. ఏటా ఎండాకాలంలో పరుపులు డాబా మీద ఆరేసే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. ఈ సోఫా కుషన్లని కూడా కవర్లతో సహా మే నెల ఎండలో రోజుల తరబడి ఆరేశాను. ఎండపెడితే పొంగుతాయని నమ్మకం. ఆ నమ్మకం దూదికి చెల్లుతుంది. ఎండకి దూదిలో తేమ పోతుంది, పురుగు పోతుంది, పోగు విచ్చుకుంటుంది. ఫోమ్‌కీ, రబ్బరుకీ ఎండ విషం. పచ్చబడి, పెళుసై, పొడి రాలుతుంది. సగం పాపం షోరూముదైతే సగం పాపం నాదన్నమాట. ఫోమ్ కుషన్ని నీడలో, గాలి తగిలేచోట నిలబెడితే చాలు. కిటికీ పక్కన ఎండ పడే సోఫాకి కర్టెన్ వెయ్యండి.

మరో భయం కూడా చెప్పాలి. ఫోమ్ అంటుకుంటే నిమిషాల్లో మండిపోతుంది. పొగలో కార్బన్ మోనాక్సైడుతో పాటు సైనైడు వాయువు కూడా ఉంటుంది. మంటకన్నా ముందు పొగే ప్రాణం తీస్తుంది. 1979లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఒక పెద్ద దుకాణంలో అమ్మకానికి పెట్టిన సోఫాలు అంటుకుని పదిమంది చనిపోయారు. ఆ తర్వాతే 1988లో ఆ దేశంలో సోఫాల నింపుడు సరుకుకి గట్టి నిబంధనలు వచ్చాయి. దూదీ, బూరుగూ కూడా మండేవే. దోమల చక్రం సోఫా కింద పెట్టి పడుకునే ఇళ్ళు నేను చూశాను. దయచేసి మానుకోండి. దీపావళికి హాల్లో కాకరపువ్వొత్తులు కూడా.

ఇంతకీ మా సోఫా. ఫోమ్ మారిస్తే సగం పనే అన్నారు భాయ్. తిరగేసి చూస్తే అడుగున పట్టీలు సాగి ఉయ్యాలలా వేలాడుతున్నాయి. అవి అలా ఉంటే పైన ఎంత మంచి ఫోమ్ వేసినా దిగబడుతుంది. ముందు వాటిని తీసి కొత్త పట్టీలు బిగించి కొట్టారు. వాటి మీద ఒక అంగుళం రీబాండెడ్, నాలుగంగుళాలు 40 డెన్సిటీలో గట్టిది, పైన ఒక అంగుళం 32లో మెత్తటిది. చుట్టూ పలుచటి పాలిస్టర్ పీచు పొర, గుడ్డ జారకుండా, అంచులు గుండ్రంగా రావడానికి. ఫోమ్‌ని కవరు కన్నా అర అంగుళం పెద్దదిగా కోశారు, కవరు బిగువుగా ఉండాలంటే అంతేనట. రెగ్జిన్ వద్దన్నాం. వేసుకునేవాళ్ళు అడుగు భాగం మాత్రం గుడ్డతో కుట్టించుకోండి, లేకపోతే గాలి పోయే దారి లేక కూర్చున్నప్పుడల్లా బుస్సుమంటుంది.

వీపు కుషన్లకి అత్తయ్య మాటే నెగ్గింది. ఊళ్ళో దొడ్డి చెట్టు బూరుగు దూది మరిది బస్సులో పంపించాడు. అది నింపిన రోజు ఇల్లంతా తుమ్ములే. లోపలికి గట్టి నేత గుడ్డతో ఒక గలీబు కుట్టి, దానిపైన అసలు కవరు వేశారు. లేకపోతే సన్నపోగులు బయటికి వస్తూనే ఉంటాయి. ఈ కుషన్లు కావాలని మందంగా చేయించాం. మా సోఫా సీటు లోతు ఎక్కువ. పొట్టివాళ్ళు వెనక్కి ఆనుకుంటే కాళ్ళు నేలకి అందవు, కాళ్ళు ఆనించుకుంటే వీపు ఆనదు. వీపు కుషన్ మందం పెరిగితే ఆ లోతు తగ్గిపోతుంది. మీ ఇంట్లో ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు సోఫా అంచున కూర్చుంటున్నారంటే ఒకసారి ఈ కొలత చూసుకోండి.

మొత్తం అయ్యాక భాయ్ మళ్ళీ టేపు తీశారు. ఖాళీగా పద్దెనిమిది. అత్తయ్య కూర్చున్నాక పదహారున్నర. మొదటి కొన్ని నెలల్లో ఇంకో అర అంగుళం దిగుతుంది, దానికీ లెక్క వేసుకున్నానన్నారు. ఇంత చేసి, 32కి బదులు 40 వేసినందుకు అదనంగా అయింది, అందరం కలిసి ఒకసారి బయట హోటల్లో భోంచేసినంత. పిల్లలు మాత్రం 'ఇదేంటి ఇంత గట్టిగా ఉంది' అని రెండు రోజులు సణిగారు. మావారు మబ్బు పోయిందన్నారు. మా ముగ్గురికీ... సరే, నలుగురికీ మెత్తగా ఉండాలా, ఆవిడ ఒక్కరూ లేవగలగాలా అంటే నా ఓటు ఎటో చెప్పక్కర్లేదు. గట్టిదాని మీద మేం కూర్చోగలం. మెత్తటిదాంట్లోంచి ఆవిడ లేవలేరు.

అత్తయ్య మొదటిరోజు ఎవరూ చూడనప్పుడు కూర్చుని చూసుకున్నారు. వంటింటి కిటికీలోంచి నేను చూశానని ఆవిడకి తెలీదు. కూర్చున్నారు, చేతులు ఆనించి లేచారు. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ లేచారు. మూడోసారి చేతులు ఆనించకుండా లేచారు.

ఇప్పుడు ఫ్యాను కింద ఉండే చివరి సీటు ఆవిడది. సాయంత్రం ఆరయ్యేసరికి మఠం వేసుకుని కూర్చుని, రిమోట్ కూడా ఆవిడ దగ్గరే పెట్టుకుంటారు. మొన్న చుట్టాలొచ్చినప్పుడు సీట్లు చాలలేదు. మావారు డైనింగ్ టేబుల్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మెడ సాచి సగం టీవీ చూస్తున్నారు.

'ఇక్కడికి రారా' అని పిలిచారు అత్తయ్య.

'ఇక్కడ బాగానే ఉందమ్మా, గాలి వస్తోంది' అన్నారాయన.